చౌక చిత్రానికి చక్కని శబ్దం

1931లో విడుదలైన మన తొలి టాకీ 'ఆలం ఆరా'ను బొంబాయిలో తీస్తున్నప్పుడు దర్శకుడు అర్దేశిర్ ఇరానీకి పెద్ద చిక్కు వచ్చిపడింది. స్టూడియో పక్కనే రైలు పట్టాలు! బొమ్మతోపాటే మాటను కూడా అక్కడికక్కడ పట్టవలసిన రోజులవి. అందుచేత రైళ్ళ సందడి అణగే అర్ధరాత్రి దాటాకనే చాలా దృశ్యాలు చిత్రీకరించారు.

భిలాయిలో సరదాకొద్దీ చిన్న చిత్రాలు తీసేవారికి ఈ పాఠం నేటికీ పనికివస్తుంది. హౌరా-ముంబయి రైలుమార్గం ఈ ఊరిమీదుగానే పోతున్నది. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఉక్కు కర్మాగారం రేయింబవళ్ళు పనిచేస్తుంది. ఇక్కడ పూర్తి నిశ్శబ్దాన్ని ఆశించలేము. అనువైన వేళను ఎంచుకోవడం మాత్రం మన చేతిలోనిదే.

బొమ్మ కాస్త మసకబారినా ప్రేక్షకుడు సర్దుకుంటాడు. మాట వినిపించకపోతే లేచిపోతాడు. తరువాత డబ్బింగ్ చెప్పించవచ్చు గదా అంటారేమో! దానికి డబ్బు కావాలి. అంతకు మించిన నష్టం మరొకటి ఉన్నది. ఉక్కు నగరానికి ఉత్తరాంధ్ర నుండి వలసవచ్చిన ఒక పెద్దాయన తన యాసలో గతాన్ని తలచుకుంటూ ఒకచోట ఆగి, గొంతు సవరించుకుంటాడు. ఆ క్షణాన్ని ఏ డబ్బింగ్ కళాకారుడు తిరిగి తేగలడు?

ఇందులో మొదటి సూత్రం, మైకు నోటికి దగ్గరగా ఉండటం. ఆరుబయట దూరం రెట్టింపైతే మాట బలం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. చుట్టూ ఉన్న రొద మాత్రం తగ్గదు. 2 మీటర్ల దూరాన ఉన్న కెమెరా మైకు కంటే 20 సెంటీమీటర్ల దూరాన చొక్కాకు తగిలించిన మైకుకు మాట 20 డెసిబెల్స్ ఎక్కువగా అందుతుంది. ఆ మైకు తీగను నటుని జేబులోని మొబైల్ ఫోనుకు కలిపితే అదే రికార్డరు. ముందుగా ఒక చప్పట్లు కొడితే, ఎడిటింగ్‌లో బొమ్మనూ శబ్దాన్నీ జతచేయడం సులువు.

బోసి గోడల గదిలో మాట మారుమోగుతుంది. కెమెరా కంటికి కనబడనిచోట బొంతలు వేలాడదీసి, పరుపులు నిలబెట్టండి. ఇవి ప్రతిధ్వనిని పీల్చుకుంటాయి గాని బయటి రొదను ఆపవు, కిటికీలు మూయవలసిందే. ఫ్యాను, ఫ్రిజ్ కట్టివేయండి. స్కూటరు తాళంచెవిని ఫ్రిజ్‌లోనే ఉంచితే, ఇంటికి వెళ్ళేముందు దానిని మళ్ళీ వేయడం మరచిపోరు.

శబ్దం హెచ్చుతగ్గులను యంత్రానికే వదిలివేయకండి. మాటలు ఆగినప్పుడల్లా అది రొదను పెంచుతుంది. గట్టి మాటలు సుమారు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేటట్లు చూసుకోండి. హద్దు దాటి పగిలిన శబ్దాన్ని బాగుచేయడం కష్టం. ప్రతి దృశ్యం ముగిశాక అర నిమిషం పాటు అందరూ ఊరకుండి, ఆ గది నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేయండి. ముక్కలను అతికేటప్పుడు అదే జిగురు.

2001లో వచ్చిన 'లగాన్'లో మాటలను చిత్రీకరణ వేళనే పట్టుకున్నారు. శబ్దగ్రహణానికి దానికి జాతీయ పురస్కారం లభించింది. ఆ పరికరాలు మనకు లేకపోవచ్చు. హెడ్‌ఫోన్లు పెట్టుకొని శ్రద్ధగా వినే ఒక్క మనిషి ఉంటే చాలు, సగం పని అయినట్లే.

ఇక ఆ రైలు కూత? దానిని విడిగా రికార్డు చేసి దాచుకోండి. భిలాయి కథలో దానికీ చోటుంటుంది; అది ఎక్కడ వినిపించాలో నిర్ణయించేది మాత్రం మీరై ఉండాలి.