రంగు పడ్డాక మార్చలేం... మగ్గం మీద సర్దుకోవచ్చు

మా చెల్లెలు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. పోయిన బతుకమ్మ పండుగకు నల్గొండ వచ్చింది గానీ, పేర్చాల్సిన తంగేడు పూలు చేతిలో అలాగే ఉన్నాయి. "ఉద్యోగం మానేద్దామనుకుంటున్న అక్కా" అంది.

ఓ ఆసుపత్రికి బిల్లుల ప్రోగ్రాము తయారుచేసే పని. మొదట ఏమేం కావాలో రెండొందల పేజీలు రాసి, సంతకాలు పెట్టించుకుని, ఎనిమిది నెలలు కష్టపడ్డారట. తీరా చూపిస్తే "మాకు కావలసింది ఇది కాదు" అన్నారట వాళ్లు. ఇక ఎలా చెబితే అలా చేద్దామన్నాడు పై అధికారి. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట. నిన్న కట్టింది ఇవాళ విప్పడం. పిల్లాడు నిద్రపోయాకే ఇల్లు చేరడం.

"మన వంటిల్లూ అంతే కదే" అన్నాను తేలిగ్గా. దాని ముఖం చూసి నాలుక కరుచుకున్నాను.

ఆ రంగంలో ఇది పాత తగువేనట. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది నిపుణులు కూడి, ముందు వేసుకున్న పథకాన్ని పట్టుకు వేలాడడం కన్నా మార్పుకు తగ్గట్టు నడవడమే మేలని ప్రకటించారు. దాన్నే 'ఎజైల్' అంటారు. 2003లో బారీ బోమ్, రిచర్డ్ టర్నర్ అనే ఇద్దరు వెసులుబాటూ కావాలి, క్రమశిక్షణా కావాలి, ఏది ఎంతన్నది పనిలోని ప్రమాదాన్ని బట్టి తేల్చుకోవాలంటూ పుస్తకమే రాశారు. ప్రాణాలతో ముడిపడ్డ పనికి కట్టుదిట్టం ఎక్కువ ఉండాలి. చిన్న జట్టు, రోజూ మారే అవసరాలు అయితే వెసులుబాటు.

మర్నాడు చీర నెపంతో దాన్ని పోచంపల్లి తీసుకెళ్లాను. ఒకామె గ్రాఫు కాగితం మీది బొమ్మ ప్రకారం, రంగు అంటకూడని చోటల్లా నూలుకు రబ్బరు బిగించి కడుతోంది. "మధ్యలో పువ్వు మార్చొచ్చా?" అనడిగింది చెల్లెలు.

"రంగు పడ్డంక ఎట్ల మారుస్తం బిడ్డా?" అని నవ్విందామె.

పక్కనే మగ్గం మీద ఆమె పెనిమిటి. పేక పోగు వేసినప్పుడల్లా గుర్తు చూసి, కాస్త లాగి, కాస్త వదిలి పువ్వు అంచులు కలుపుతున్నాడు. ఆ సర్దుబాటు లేకుంటే ఎంత లెక్కగా కట్టినా పువ్వు చెదిరిపోతుంది. చెల్లెలు అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. చీర సంగతి ఇద్దరం మరిచాం!

ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం గారు మీకు తెలిసే ఉంటారు. ఆసు పోయడానికి రోజూ వేలసార్లు చెయ్యి ఆడించే తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, 1992లో యంత్రానికి పూనుకున్నారు. ఇంజనీరింగు చదువు లేదు. ఒక్కో భాగం చేసి, ఆడించి చూసి, కుదరకపోతే మార్చి, 1999కి పూర్తిచేశారు. తల్లి పేరే పెట్టిన ఆ లక్ష్మీ ఆసు యంత్రానికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఎన్ని మార్చినా పోగుల లెక్కను మాత్రం తప్పనివ్వకూడదు కదా.

చెల్లెలు వెళ్లి అధికారితో మాట్లాడింది. డబ్బు లెక్కలు, రోగుల వివరాలు ఉండే భాగం ముందే తేల్చుకుని ముట్టుకోకూడదు. తెర మీద కనిపించేది మార్చుకోవచ్చు, కానీ రెండు వారాలకోసారే. మధ్యలో వచ్చిన కోరిక తర్వాతి విడతకు. ఆయన రెండు నెలలు చూద్దామన్నాడట.

మొన్న ఫోను చేసింది. "ఎనిమిదికల్లా ఇంట్ల ఉంటున్న అక్కా. పిల్లగానికి అన్నం నేనే తినిపిస్తున్న." ఆసుపత్రి వాళ్లు మాత్రం బిల్లు మీది అక్షరాల రంగు ఇంకా మార్చమంటూనే ఉన్నారట.