వానకూ నేలకూ కలిపి ఒకే లెక్క

2021 నవంబరు వానలు మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లం మరిచిపోలేనివి. తిరుపతి వీధులు ఏరులయ్యాయి. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్టలో నీళ్లు ఊరడంతో కింది పల్లెలవాళ్లు ఇళ్లు విడిచి పోవలసి వచ్చింది. ఎంత నీరు వస్తుందో ముందే లెక్క కట్టలేమా? కొంతవరకు కట్టవచ్చు. అందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ మనలాంటి విద్యార్థులకు కూడా ఉచితంగా దొరుకుతుంది. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

ఎండిన చేను తొలి వానను తాగేస్తుంది. నానిన నేల తాగలేక నీటినంతా వంకలోకి వదులుతుంది. చెరువు నిండితే మొరవ పోతుంది. తడి నేల మీద ఎండ కాస్తే ఆ నీరే ఆవిరై మళ్లీ మబ్బుకు చేరుతుంది. అంటే వాన నేలను మారుస్తుంది, నేల వానను మారుస్తుంది. ఇలాంటివాటినే కపుల్డ్ సిస్టమ్స్ అంటారు. ఒకదాన్ని వదిలేసి రెండోదాన్ని లెక్కిస్తే జవాబు తప్పుతుంది.

అమెరికాలోని ఎన్‌కార్ సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి తయారుచేసిన డబ్ల్యు.ఆర్.ఎఫ్. ఈ లెక్క చేస్తుంది. ఆకాశాన్ని, నేలను గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో గాలి, వేడి, తేమ కొన్ని సెకన్ల తర్వాత ఎలా ఉంటాయో చూస్తుంది. గాలి భాగం వానను నేల భాగానికి అప్పగిస్తుంది. నేల భాగం వేడిని, ఆవిరిని తిరిగి ఇస్తుంది. గడి వెడల్పు ఎన్ని కిలోమీటర్లో దానికి ఆరు రెట్ల సెకన్లు ఒక అడుగు అనేది ఇందులో వాడుక సూత్రం. 3 కిలోమీటర్ల గడికి 18 సెకన్లు. ఒక రోజుకు 4,800 అడుగులన్నమాట! అడుగు మరీ పెద్దదైతే లెక్క అదుపు తప్పుతుంది.

లెక్క ఒక్కటే చాలదు, కొలత కూడా కావాలి. తిరుపతి నుండి చిత్తూరు పోయే దారిలో గాదంకి వద్ద 1,024 యాంటెన్నాల ఎం.ఎస్.టి. రాడార్ మన నెత్తి మీది గాలిని కొలవడానికే వెలిసింది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో డబ్ల్యు.ఆర్.ఎఫ్.తో పరిశోధనలు జరిగాయి. కొలతకూ లెక్కకూ తేడా వస్తే కోడ్ తెరిచి కారణం వెతకవచ్చు. ఓపెన్ సోర్స్ గొప్పతనం ఇదే.

మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే. పి.జి. ప్రాజెక్టుకు కావలసిన ఒక సాఫ్ట్‌వేర్ లైసెన్సు ధర విని నోరెత్తకుండా వెనుదిరిగాము. ఆ తర్వాతే నీటి, గాలి ప్రవాహాలకు ఓపెన్‌ఫోమ్, వేడికి లోహం సాగడం వంటివాటికి ఫిన్లాండువారి ఎల్మర్, మామూలు లెక్కలకు సైలాబ్ ఉన్నాయని తెలిసింది. ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంతో కాలం కలిసివచ్చేది. అందుకే మీకు చెబుతున్నాము. ఐ.ఐ.టి. బొంబాయివారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులో కూడా ఉన్నాయి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మీ ఊరి చెరువుతోనే మొదలుపెట్టండి. నిన్నటి నీటికి వంక నీరు కలపండి. తూము నీరు, ఆవిరి, ఇంకినది తీసేయండి. కట్ట ఎత్తుతో పోల్చండి. ఆ నాలుగు వరుసల లెక్కకు హాస్టలులోని పాత కంప్యూటరు చాలు.