జీపు ఎందుకు మూలుగుతున్నది?

వానాకాలంలో ఉట్నూరు చుట్టుపక్కల పల్లెలకు పోయే పాత జీపు మీరెప్పుడైనా ఎక్కారా? లోపల మనుషులు, మూటలు, ఒక్కోసారి కోళ్లు కూడా! అందరూ మాటల్లో ఉండగా డ్రైవరు ఉన్నట్టుండి చెయ్యెత్తి, "ఆగండి, ఆగండి" అని తల బయటికి పెట్టి వింటాడు. బండి కిందనుంచి సన్నగా "ఊఁ..." అని మూలుగు వస్తూ ఉంటుంది.

అతని భయం ఊరికే కాదు. ఆ మూలుగు చక్రం బేరింగుదైతే, అది వేడెక్కి పట్టేస్తే, బండి వాగుకు అవతలే నిలిచిపోతుంది. ఆ బండిలో ఆసుపత్రికి పోవలసిన మనిషి ఉంటే? పోనీ అనుమానంతో అన్నీ విప్పిద్దామా అంటే, చెడనిదాన్ని మార్చి డబ్బు పోగొట్టుకోవడమే. కాబట్టి విప్పకుండానే మోత ఎక్కడిదో తేల్చాలి. ఎట్లా?

ముందు మీ సైకిలును చూడండి. తొక్కుతుంటే "టక్కు" మని చప్పుడు వస్తున్నదనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి వస్తే లోపం పెడలు దగ్గర. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి వస్తే లోపం చక్రంలో. తొక్కడం ఆపి బండిని జారనిచ్చినా వస్తుంటే పెడలుకు దానితో సంబంధం లేదు. చప్పుడును లెక్కపెడితే ఏది తిరుగుతున్నప్పుడు వస్తున్నదో తెలిసిపోతుందన్నమాట! జీపుకూ ఇదే సూత్రం. కాకపోతే అందులో తిరిగేవి ఎక్కువ.

మన దేశంలో మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపులను కూర్చడం మొదలుపెట్టింది. ఆ కోవకు చెందిన పాత జీపుల్లో ఇంజను శక్తి క్లచ్చి మీదుగా గేరుబాక్సుకు, అక్కడినుంచి ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరో గేర్ల పెట్టెకు వస్తుంది. దానినుంచి ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి రెండు పొడుగాటి కడ్డీలు పోతాయి. వీటినే ప్రొపెల్లర్ షాఫ్టులు అంటారు. షాఫ్టు చివర ఉన్న చిన్న పళ్లచక్రం పినియను. ఇది ఇరుసు నడుమ ఉన్న పెద్ద క్రౌను చక్రాన్ని తిప్పుతుంది. షాఫ్టు కొసల్లో సిలువ ఆకారంలో ఉండే కీలును షెడ్డువాళ్లు "క్రాసు" అంటారు. గుంటల్లో ఇరుసు పైకీ కిందికీ ఊగినా షాఫ్టు తిరగగలగడం దాని చలవే.

ఇప్పుడు కాస్త లెక్క వేద్దాం. చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. పినియనుకు 8 పళ్లు, క్రౌనుకు 43 పళ్లు అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. అంటే చక్రం సెకనుకు 5 చుట్లు తిరుగుతుంది. షాఫ్టు దానికి 43/8 రెట్లు, అంటే సుమారు 27 చుట్లు తిరుగుతుంది. మరి క్రౌను పళ్లు పినియను పళ్లను సెకనుకు ఎన్నిసార్లు తాకుతాయి? 5 ను 43 తో గుణించండి. 215 సార్లు! ఆడవారు మాట్లాడేటప్పుడు స్వరపేటిక కంపించేది కూడా దాదాపు ఇంతే. పళ్లు అరిగిన క్రౌను గొంతెత్తి పాడినట్టు వినిపించడానికి కారణం ఇదే. 27 చుట్ల షాఫ్టు తూకం తప్పితే మాత్రం పాట వినపడదు, కాళ్ల కింద రేకు అదురుతుంది.

215 ను చెవితో లెక్కపెట్టలేం కదా! అందుకే బండిని నడక వేగానికి దింపాలి. మైదానంలో, పెద్దవాళ్లు నడుపుతుండగా, టైరు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, కాస్త దూరంగా పక్కన నడుస్తూ వినండి. గీత ఒకసారి కిందికి వచ్చినప్పుడల్లా ఒక్క "కిర్రు" మంటే లోపం చక్రానిదో, బ్రేకు డ్రమ్ముదో. గీత ఒకసారి వచ్చేలోగా "కిచ్ కిచ్" మని అయిదుసార్లకు పైగా వినిపిస్తే అది షాఫ్టు లెక్క. గ్రీజు ఎండిపోయిన క్రాసు ఇట్లాగే పిచ్చుకలా అరుస్తుంది. అరుగుదల ఇంకా ముదిరితే, బండి కదిలేటప్పుడు ఒక్కసారి "ఠంగు" మంటుంది.

మిగతా పని డ్రైవరు చేయాలి. బండి నిలిపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజను నడుపుతుండగా మోత వచ్చి, క్లచ్చి తొక్కగానే ఆగితే అనుమానం గేరుబాక్సు మీద. పోతున్నప్పుడు గేరు తీసి ఇంజనును నెమ్మదింపజేసినా మోత తగ్గకపోతే అది గేరుబాక్సు అవతలి భాగాలది. ఎడమకు మలుపు తిరిగినప్పుడు బండి బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడివైపు బేరింగును చూడాలి. ఆక్సిలరేటరు నొక్కితే పాడి, వదిలితే ఆగే మూలుగు సాధారణంగా పళ్లచక్రాలది. బరువు పడినప్పుడు పళ్లకు ఒక పక్క, వదిలినప్పుడు రెండో పక్క ఒరుసుకొంటాయి మరి. క్రౌను, పినియను రెండూ మార్పించినా మోత తగ్గని జీపు ఒకటి కరీంనగర్‌లో చూశాను. తారురోడ్డు మీద మూలిగి, మట్టిదారిలో నోరు మూసుకొనేది. దోషం గరుకు టైర్లది! రోడ్డు మారితే మోత మారుతున్నదా అని ముందే చూసి ఉంటే ఆ ఖర్చు తప్పేది.

ఒక్కోసారి ఏ భాగమూ చెడకుండానే చప్పుడు రావచ్చు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకన్నా ఎక్కువ దూరం పోతాయి. ఫోర్ వీల్ వేసి ఉంటే ఈ పాత జీపుల్లో ముందు వెనుక షాఫ్టులు ఒకే వేగంతో తిరగక తప్పదు. ఆదిలాబాద్ రేగడి బురదలో చక్రాలు జారి ఆ తేడాను సర్దుకొంటాయి. ఎండిన తారురోడ్డు మీద జారలేవు. షాఫ్టులు మెలిపడి, స్టీరింగు బిగిసి, బండి మూలుగుతుంది. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాటు మలుపుల్లో, రోడ్డు ఎండి ఉన్నప్పుడు, ఫోర్ వీల్ తీసేయడమే దానికి మందు.

అన్నిటికన్నా తమాషా అయినది వాగు చేసే పని. చాలాదూరం నడిచిన ఇరుసు డబ్బా 80 డిగ్రీల దాకా వేడెక్కిందనుకోండి. అది ఒక్కసారిగా 30 డిగ్రీల నీటిలో మునిగితే లోపలి గాలి చల్లబడి దాని పీడనం సుమారు ఏడో వంతు పడిపోతుంది. గాలి పీల్చడానికి డబ్బాపై ఉండే చిన్న రంధ్రం బురదతో మూసుకొని ఉంటే, ఇరుసు సీళ్ల సందుల్లోంచి నీటినే పీల్చుకొంటుంది! నీరు కలిసిన నూనె పళ్లమధ్య సరైన పొరగా నిలవదు, బేరింగులు తుప్పు పడతాయి. కొన్నాళ్లకు మూలుగు మొదలవుతుంది. అందుకే తెలిసిన డ్రైవరు వాగు ఒడ్డున బండి ఆపి, ఇరుసు చల్లారాకే దిగుతాడు. ఇంటికి చేరాక ప్లగ్గు విప్పి చూస్తాడు. నూనె పాలు పోసిన చాయ్ రంగులో కారితే, మోత వినిపించకపోయినా సరే, మొత్తం పారబోసి కొత్తది పోయిస్తాడు.