కనీస వేతనం: అంకె ఎంత ఉండాలి? అది ఎవరి చేతికి అందుతోంది?

రోజుకు 176 రూపాయలు, 375 రూపాయలు, 783 రూపాయలు, 1,000 రూపాయలు. కనీస వేతనంపై మన దేశంలో సాగుతున్న చర్చ ఈ నాలుగు అంకెల చుట్టూ తిరుగుతోంది.

మొదటిది 2017 జూన్‌లో కేంద్రం రాష్ట్రాలకు సూచించిన జాతీయ కనీస స్థాయి. దానికి చట్టబద్ధత లేదు. రెండవది అనూప్ సత్పతి నాయకత్వంలోని నిపుణుల కమిటీ 2018 జులై ధరల ప్రాతిపదికన 2019లో చేసిన సిఫారసు. మూడవది 2024 అక్టోబరు 1 నుంచి కేంద్ర పరిధిలోని నిర్మాణ, పారిశుధ్య పనుల్లో, 'ఏ' శ్రేణి నగరాల్లోని నైపుణ్య రహిత కార్మికులకు ఖరారైన రేటు. ఇక నెలకు 26,000 రూపాయలు ఇవ్వాలన్నది కేంద్ర కార్మిక సంఘాల డిమాండు. దానిని 26 పనిదినాలకు విభజిస్తే వచ్చేదే నాలుగవ అంకె.

లెక్క ఎలా కడతారు?

ఈ గణనకు మూలం 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ. కార్మిక కుటుంబాన్ని మూడు వినియోగ యూనిట్లుగా పరిగణించి, ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల ఆహారం, కుటుంబానికి ఏడాదికి 72 గజాల వస్త్రం, ఇంటి అద్దె, వంటచెరకు, దీపం వంటి ఇతర ఖర్చులకు 20 శాతం కలపాలని ఆ సభ తీర్మానించింది. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం, వివాహాల నిమిత్తం మరో 25 శాతం చేర్చాలని 1991లో రెప్టకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పేర్కొంది.

సత్పతి కమిటీ కేలరీలను 2,400కు తగ్గించి, 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు ఉండాలని చెప్పింది. కుటుంబ పరిమాణాన్ని మాత్రం 3.6 యూనిట్లకు పెంచింది. ఈ ఒక్క మార్పుతోనే కుటుంబం లెక్క 20 శాతం పెరుగుతుంది. కుటుంబంలో ఎందరిని, పళ్లెంలో ఏ పదార్థాలను లెక్కలోకి తీసుకున్నారన్న దానిపైనే తుది అంకె ఆధారపడి ఉంటుంది.

చట్టంలో ఏం మారింది?

1948 నాటి కనీస వేతనాల చట్టం షెడ్యూలులో చేర్చిన వృత్తులకే వర్తించేది. అందువల్ల వేతన కార్మికుల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి దాని రక్షణ లేదని 2018-19 ఆర్థిక సర్వే పేర్కొంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతన స్మృతి ఈ పరిమితిని తొలగించి, కనీస వేతన హక్కును ఉద్యోగులందరికీ విస్తరించింది. కేంద్రం నిర్ణయించే కనీస స్థాయి కంటే తక్కువ రేటును ఏ రాష్ట్రమూ ఖరారు చేయరాదు. ఇప్పటికే ఎక్కువ ఇస్తున్నచోట తగ్గించరాదు. కనుక ఆ స్థాయిని 176కు చేరువలో ఉంచుతారా, 783కు చేరువలో ఉంచుతారా అన్నదే అసలు ప్రశ్న.

పెంచితే ఉపాధి పోతుందా?

వేతన భారం పెరిగితే చిన్న పరిశ్రమలు మూతపడతాయని, యంత్రాల వైపు మళ్లుతాయని యాజమాన్యాలు వాదిస్తాయి. తక్కువ లాభంతో నడిచే యూనిట్ల విషయంలో ఈ ఆందోళనను కొట్టిపారేయలేము. అయితే 1992లో అమెరికాలోని న్యూజెర్సీలో కనీస వేతనాన్ని గంటకు 4.25 నుంచి 5.05 డాలర్లకు పెంచినప్పుడు, ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో ఉద్యోగాలు తగ్గలేదని డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ తేల్చారు. ఆ ఫలితంపై వాదోపవాదాలు సాగినా, కార్మిక ఆర్థికశాస్త్రంలో చేసిన కృషికి కార్డ్ 2021లో నోబెల్ పురస్కారం అందుకున్నారు. ఊళ్లో పని ఇచ్చేవారు ఒకరిద్దరే ఉన్నప్పుడు, కూలి అప్పటికే దాని న్యాయమైన స్థాయికి దిగువన ఉంటుంది. అటువంటి చోట మితమైన పెంపు ఉపాధిని దెబ్బతీయకపోవచ్చు.

అంకెకూ చేతికీ మధ్య దూరం

మన దేశంలో ఇంతకంటే పెద్ద సమస్య అమలు. నిజామాబాద్ ప్రాంతంలో మహిళలు ఇళ్లవద్దే బీడీలు చుడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన ఉంటుంది. ఇచ్చిన ఆకు నాసిరకమైనా, చుట్టిన బీడీలను బాగాలేవని పక్కన పెట్టినా, రేటు కాగితంపై మారకుండానే ఆదాయం తగ్గిపోతుంది. వెయ్యి బీడీలు చుట్టడానికి ఎన్ని గంటలు పడుతుందో లెక్కించకుండా అక్కడ రేటు పెంపుకు అర్థం ఉండదు.

మరికొందరికి చేసే పని ఉద్యోగంగానే గుర్తింపు పొందదు. అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు ప్రభుత్వాలు ఇచ్చేది వేతనం కాదు, గౌరవ వేతనం. ఈ వ్యత్యాసం వల్ల కనీస వేతన చర్చ వారి గడపదాకా రావడం లేదు. జీతాల పెంపు, గ్రాట్యుటీ కోరుతూ ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేయగా, ప్రభుత్వం ఎస్మాను ప్రయోగించింది.

కార్మికులు ఏం చేయవచ్చు?

తక్కువ కూలి ఇస్తే మూడేళ్లలోగా దావా వేసుకునే అవకాశాన్ని వేతన స్మృతి కల్పించింది. గతంలో ఈ గడువు ఆరు నెలలే. బకాయి చెల్లించామని నిరూపించవలసిన బాధ్యత యజమానిదే. తక్కువ చెల్లించినవారికి 50,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది. అయితే హాజరు రాసుకున్న కాగితం, వేతన చీటీ లేనివారు తాము అక్కడ పనిచేశామని చూపడమే కష్టం.

కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీతో సమానమని 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ తీర్పు ప్రకారం చూస్తే, కనీస వేతనం ప్రభుత్వం దయతో పెంచే భత్యం కాదు. అంతకు దిగువన ఎవరి శ్రమనూ కొనరాదని గీసిన గీత అది. ఆ గీతను ఎక్కడ గీయాలన్నది ఎంత ముఖ్యమో, గీత దాటినవారిని పట్టుకునే యంత్రాంగం ఉందా అన్నదీ అంతే ముఖ్యం.