రూటర్ కొంటున్నారా? వాట్లు కాదు.. పని చూడండి!

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలీదు. పరీక్ష రాశాక ఫలితాలకు ఎన్ని నెలలు పడుతుందో అంతకన్నా తెలీదు. ఈలోగా రోజుకు రెండు గంటలు చేతిపని చేసి సొంత ఖర్చులు రాబట్టుకుందామనుకునేవారికి చెక్కపని మంచి దారే. ఇంటి నేమ్‌ప్లేట్లు, గోడ అరలు, ఫొటో ఫ్రేములు, చిన్న పూజామందిరాలు.. వీటికి పెద్ద వర్క్‌షాపు అక్కర్లేదు. ఉలి, సుత్తితో పూటంతా పట్టే పనిని నిమిషాల్లో ముగించే యంత్రం ఒకటుంది. అదే ప్లంజ్ రూటర్. అందుకే తొలి యంత్రంగా చాలామంది కన్ను దీనిమీదే పడుతుంది. తొందరపడితే దాచుకున్న డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే. షాపుకెళ్లగానే 'ఎన్ని వాట్లు?' అని అడుగుతాం. దానికంటే ముందు మనల్ని మనం వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది.. 'దీంతో నేను చేయబోయే పనేంటి?'

ఏం చేస్తుందిది?

ఇది ఇంటర్నెట్ ఇచ్చే రూటర్ కాదు. నిమిషానికి వేలసార్లు తిరిగే మోటారు, దాని కొసన పదునైన బిట్. అది తిరుగుతూ చెక్కలో గాడి తీస్తుంది, అంచును గుండ్రంగా చేస్తుంది, అక్షరాలు చెక్కుతుంది. 'ప్లంజ్' రకంలో మోటారు రెండు స్టీలు కడ్డీల మీద స్ప్రింగుల సాయంతో పైకీ కిందికీ జారుతుంది. యంత్రాన్ని చెక్కపై నిలిపి, ఆన్ చేసి, కిందికి నొక్కితే బిట్ నేరుగా లోపలికి దిగుతుంది. కావాల్సిన లోతులో లాక్ చేసి పని కానిచ్చుకోవాలి. లాక్ వదిలితే బిట్ మళ్లీ పైకొచ్చేస్తుంది. పలక అంచు నుంచి కాకుండా నడిమధ్యలో గాడి తీయాలంటే ఈ సదుపాయం కావాల్సిందే.

దీనికి తమ్ముడిలాంటిది ట్రిమ్మర్. సన్‌మైకా అంచులు సరిచేయడానికీ, తలుపు బందులకు చోటు తీయడానికీ వడ్రంగులు వాడే చిన్న యంత్రం ఇదే. మీ పని అంచులు తీర్చిదిద్దడం వరకే అయితే ట్రిమ్మర్ దగ్గరే ఆగిపోండి. తక్కువ ఖర్చుతో అయిపోతుంది.

ముందు కాగితం.. తర్వాతే కౌంటర్

వచ్చే మూడు నెలల్లో చేయదలచిన వస్తువులు ఓ కాగితం మీద రాయండి. యంత్రం ఏదన్నది ఆ జాబితానే చెబుతుంది.

• నేమ్‌ప్లేట్లు, ఫ్రేములు, అంచు డిజైన్లు: 900 వాట్ల తేలికపాటి యంత్రం చాలు. ఉదాహరణకు మకీటా ఆర్‌పీ0900 వేగం 27,000 ఆర్‌పీఎం, బరువు 2.7 కిలోలు. అయితే ఇందులో వేగం మార్చుకునే వీలు లేదు. చిన్న బిట్లకే పరిమితం కావాలి.

• అరలు, డ్రాయర్లు, ప్లైవుడ్‌లో గాళ్లు: 1200-1300 వాట్లు సౌకర్యంగా ఉంటాయి. బాష్ జీఓఎఫ్ 130 ఈ తరగతిదే. 1300 వాట్లు, వేగాన్ని 11,000 నుంచి 28,000 ఆర్‌పీఎం వరకు మార్చుకోవచ్చు.

• టేకు తలుపులు, దర్వాజాలు, రోజంతా పని: 1600 వాట్లకు పైబడినవి కావాలి. మకీటా ఎం3600 లాంటివి 1650 వాట్లు, వేగం 22,000 ఆర్‌పీఎం. ఇవి బరువైనవి, కొత్త చేతికి లొంగవు.

ఇవే కొనమని కాదు. ఏ కంపెనీ యంత్రాన్నయినా ఇదే కొలతతో పోల్చిచూడమని. ఇంట్లో పని మొదలుపెట్టే విద్యార్థి అవసరం సాధారణంగా మొదటి రెండు తరగతుల్లోనే తీరిపోతుంది.

పావు అంగుళమా? అరంగుళమా?

బిట్ కాడను పట్టి ఉంచే భాగం పేరు కొల్లెట్. చిన్న రూటర్లలో ఇది పావు అంగుళం, పెద్దవాటిలో అరంగుళం. అరంగుళం కాడ దృఢంగా ఉంటుంది, వణుకు తక్కువ. అలాంటి యంత్రంలో తగిన స్లీవ్ వేసి పావు అంగుళం బిట్లనూ వాడొచ్చు. పావు అంగుళం యంత్రంలో మాత్రం అరంగుళం బిట్ పట్టదు. తొలి అడుగుకు పావు అంగుళం సరిపోతుంది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. కొన్ని బిట్ల కాడ 6 మి.మీ. ఉంటుంది. చూపుకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. 6 మి.మీ. బిట్‌ను పావు అంగుళం కొల్లెట్‌లో బిగిస్తే పట్టు దొరకదు. తిరిగేటప్పుడు జారి బయటికొస్తే ప్రమాదం. బిట్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద కాడ కొలత చదివి తీరాలి.

మీ ఇంటి ప్లగ్ ఏమంటోంది?

వాట్లను 230తో భాగిస్తే ఎన్ని ఆంపియర్ల కరెంటు లాగుతుందో తెలుస్తుంది. 900 వాట్లకు దాదాపు 4 ఆంపియర్లు. 1300 వాట్లకు 5.7. 1650 వాట్లకు 7.2. గదుల్లో ఉండే మామూలు చిన్న ప్లగ్ సామర్థ్యం 6 ఆంపియర్లే. అంటే పెద్ద రూటర్‌కు గీజర్, ఏసీ నడిచే 16 ఆంపియర్ల పాయింట్ కావాలి. అద్దె గదిలో, హాస్టల్లో ఉండేవారు ఈ లెక్క వేయకుండా పెద్దది కొంటే అది పెట్టెలోనే ఉండిపోతుంది. టీవీకి వాడే సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో నడపడమూ సరికాదు.

వేగం తగ్గించే చక్రం ఎందుకు?

25 మి.మీ. వెడల్పున్న బిట్ 24,000 ఆర్‌పీఎంలో తిరిగితే దాని అంచు వేగం గంటకు దాదాపు 113 కిలోమీటర్లు. అదే వేగంలో 50 మి.మీ. బిట్ పెడితే 226 కిలోమీటర్లు! చెక్క మాడుతుంది, యంత్రం అదురుతుంది, బిట్ విరిగే ప్రమాదమూ ఉంది. అందుకే బిట్ పెద్దదయ్యేకొద్దీ వేగం తగ్గించాలి. ముందుముందు పెద్ద బిట్లు వాడాలనుకుంటే వేగం మార్చే సదుపాయానికి కొంచెం ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

షాపులో పది నిమిషాలు

సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి పెద్ద మార్కెట్ అయినా, మీ ఊరి హార్డ్‌వేర్ షాపు అయినా చేత్తో పట్టి చూశాకే కొనండి. ప్లగ్ పెట్టకముందే ఇవి గమనించండి.

• మోటారును నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదలండి. ఎక్కడా పట్టేయకుండా జారాలి.
• సగంలో లాక్ చేసి గట్టిగా నొక్కండి. కిందికి జారినా, పక్కలకు ఊగినా వద్దనేయండి. గాడి లోతు సమానంగా రాదు.
• అడుగు పలకపై స్టీలు స్కేలు నిలబెట్టి చూడండి. సందులోంచి వెలుతురు కనిపిస్తే పలక వంకరగా ఉన్నట్టే.
• పిడి వదలకుండా స్విచ్ అందుతోందా? ఆపడానికి చేయి తీయాల్సిన యంత్రం కొత్తవారికి పనికిరాదు.
• నిటారుగా గాడి తీయడానికి వాడే పక్క గైడ్ పెట్టెలో ఉందా? విడిగా కొంటే అది అదనపు ఖర్చు.
• కార్బన్ బ్రష్‌లు, కొల్లెట్ విడిగా దొరుకుతాయా? సర్వీస్ సెంటర్ ఎంత దూరం? చవక యంత్రం అసలు ధర తెలిసేది ఈ రెండు ప్రశ్నలతోనే.
• జీఎస్టీ బిల్లు, వారంటీ కార్డు తప్పకుండా తీసుకోండి.

సెకండ్‌హ్యాండ్ అయితే బిట్ బిగించే ఇరుసును వేళ్లతో పక్కలకు కదిపి చూడండి. ఊగితే బేరింగ్ అరిగినట్టు. తర్వాత ఆన్ చేయించండి. గరగర శబ్దం, మాడిన వాసన, మోటారు గాలి రంధ్రాల్లోంచి పెద్ద నిప్పురవ్వలు.. ఏ ఒక్కటున్నా వదిలేయండి.

35 నేమ్‌ప్లేట్ల లెక్క

ఖర్చు యంత్రంతో ఆగదు. మీ దగ్గర రూ.12 వేలు ఉన్నాయనుకుందాం. మొత్తం యంత్రానికే పెట్టేస్తే పని మొదలుకాదు. ఇలా పంచుకోండి: యంత్రానికి 6,500, బిట్లకు 2,000, క్లాంపులకు 1,500, కళ్లద్దాలు-మాస్కు-ఇయర్‌మఫ్‌లకు 1,000, సాధన చేసే చెక్కకు 1,000.

బిట్లలో పది, పదిహేను ఉండే చవక సెట్ల జోలికి వెళ్లొద్దు. వాటిలో వాడేవి మూడో నాలుగో. 6 మి.మీ., 12 మి.మీ. స్ట్రెయిట్ బిట్లు, అంచులకు బేరింగ్ ఉన్న రౌండోవర్, అక్షరాలకు వీ ఆకారపు బిట్.. ఈ నాలుగూ మంచివి తీసుకోండి. ప్లైవుడ్‌లోని జిగురు మామూలు స్టీలు పదునును త్వరగా తినేస్తుంది కాబట్టి కార్బైడ్ మొన ఉన్నవే మేలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒక నేమ్‌ప్లేట్ రూ.600కు అమ్మి, చెక్క, పాలిష్, బిట్ అరుగుదల కింద రూ.250 తీసేస్తే మిగిలేది 350. పెట్టిన 12 వేలు తిరిగి రావాలంటే 35 నేమ్‌ప్లేట్లు అమ్మాలి. వారానికి రెండు చొప్పున నాలుగు నెలలు దాటుతుంది. ఈ అంకెలు నమూనా మాత్రమే. మీ ఊరి ధరలతో మీరే వేసుకోండి. కొనేవాళ్ల పేర్లు కనీసం పది రాయలేకపోతే యంత్రం కొనే సమయం ఇంకా రాలేదనుకోండి.

పది వేళ్లూ భద్రం

• బిట్ మార్చేముందు ప్లగ్ పీకాలి. స్విచ్ ఆపితే చాలదు.
• బిట్‌ను కొల్లెట్‌లోకి పూర్తిగా దించి, రెండు మూడు మి.మీ. పైకి లాగి బిగించాలి.
• చెక్కను క్లాంపులతో బల్లకు బిగించాలి. ఒక చేత్తో చెక్క, ఇంకో చేత్తో యంత్రం.. ఎప్పుడూ వద్దు.
• మీవైపున్న అంచును చెక్కేటప్పుడు యంత్రాన్ని ఎడమ నుంచి కుడికి నడపాలి. తిరగేస్తే బిట్ చెక్కను పట్టి యంత్రాన్ని లాక్కుపోతుంది.
• 12 మి.మీ. లోతు గాడిని ఒకేసారి తీయొద్దు. మూడేసి మి.మీ. చొప్పున నాలుగుసార్లు వెళ్లండి.
• మాస్కు తప్పనిసరి. చెక్కపొడిని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది.
• మోత ఎక్కువ. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు శబ్ద పరిమితి 45 డెసిబెల్స్. పగలే పని పెట్టుకోండి.

శిక్షణ, సాయం ఎక్కడ?

ఐటీఐల్లో కార్పెంటర్ ట్రేడ్ ఉంది. బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో అధునాతన చెక్కపని శిక్షణ కేంద్రం ఉంది. ఫర్నిచర్ తయారీలో వాడే సీఎన్‌సీ రూటర్లలోనూ బిట్, వేగం, లోతు, నడిపే తీరు.. ఇవే సూత్రాలు. చేతి రూటర్‌పై పట్టు వస్తే ఆ ఉద్యోగాల ఇంటర్వ్యూలో చెప్పడానికి మీ దగ్గర పని ఉంటుంది.

కుటుంబ వృత్తి వడ్రంగమైతే 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం గురించి వాకబు చేయండి. పరికరాల కోసం రూ.15 వేల ఈ-వోచర్, ప్రాథమిక శిక్షణలో రోజుకు రూ.500, 5 శాతం వడ్డీతో తొలి విడత రూ.లక్ష వరకు రుణం ఇందులో ఉన్నాయి. 18 ఏళ్లు నిండి, ఇప్పటికే చేత్తో ఆ పని చేస్తూ ఉండాలి. కుటుంబంలో ఒక్కరికే అవకాశం. ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు వర్తించదు. నాన్న లేదా అన్నయ్య అర్హులైతే మీ పొదుపును ముట్టుకునేముందు ఈ దారి చూడండి.

చివరగా ఒక్క మాట. కొనేముందు మీ వీధిలోని వడ్రంగి దగ్గరికెళ్లి 'అన్నా, ఒక గంట మీ మిషన్ మీద నేర్పిస్తారా?' అని అడగండి. పాత చెక్కముక్కపై మీ పేరు చెక్కి చూడండి. ఆ గంట తర్వాత కూడా చేతులు ఇంకో ముక్క అడుగుతుంటే, అప్పుడు షాపుకు బయల్దేరండి.