మూడు లీటర్ల సలహా

పొద్దున లేవగానే లీటరు నీళ్లు, రోజు మొత్తం మీద మూడు లీటర్లు. ఆరోగ్యం గురించి, ఉత్సాహం గురించి మాట్లాడే ఏ లైఫ్ కోచ్ వీడియో తెరిచినా మొదట వినపడేది ఈ మాటే. సలహా మంచిదే. అయితే దాన్ని చెప్పినవాళ్లు కృష్ణా నీళ్లో, మంజీర నీళ్లో వచ్చే ఊళ్లో కూర్చుని చెప్పారు. ప్రకాశం జిల్లా ముండ్లమూరు నుంచి దర్శి, పొదిలి, కనిగిరి వైపు పోయేకొద్దీ ఆ సలహాకు ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఏ నీళ్లు?

నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి భారతదేశంలో తొలి వైద్య పరిశోధన వెలువడింది ఈ ప్రాంతం నుంచే. 1937లో షార్ట్ అనే వైద్య శాస్త్రవేత్త, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆనాటి నెల్లూరు జిల్లాలో తిరిగి, మెడ తిప్పలేక, నడుం వంచలేక కర్రల్లా బిగుసుకుపోయిన మనుషుల గురించి రాశారు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు అప్పుడు నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులోకి వచ్చాయి. రెండేళ్లకు జిల్లాకు ప్రకాశం పంతులు పేరు పెట్టారు. జిల్లా మారింది, పేరు మారింది, నేల అడుగున రాయి మాత్రం అదే.

ఆ రాతిలోనే ఉంది విషయమంతా. ఇక్కడి గ్రానైటు, నైసు రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. వాన తక్కువ. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లు అంత ఎక్కువ కాలం ఆ రాతిని అంటిపెట్టుకుని ఉంటాయి, ఫ్లోరైడ్‌ను అంతగా కరిగించుకుంటాయి. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా మేలని, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా ఫర్వాలేదని భారత ప్రమాణాల సంస్థ అంటుంది. ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. ఒక బోరు నీటిలో లీటరుకు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందనుకుందాం. కోచ్ మాట విని మూడు లీటర్లు తాగితే రోజుకు తొమ్మిది మిల్లీగ్రాములు. అన్ని రకాలుగా కలిపి రోజుకు ఆరు మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరుగుతుందనడానికి ఆధారాలున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2002లోనే తేల్చారు. అంటే ఆ సలహాను ఏళ్ల తరబడి అక్షరాలా పాటించిన మనిషికి కీళ్లు పట్టేసే ముప్పు పెరుగుతుంది.

అలాగని నీళ్లు తగ్గించమని ఎవరూ చెప్పకూడదు. మే నెలలో మిరప చేలో, ఉపాధి పనిలో ఉన్న మనిషికి చెమటలో పోయేదే లీటర్ల లెక్క. తక్కువ తాగితే వడదెబ్బ, మూత్రపిండాల్లో రాళ్లు. తగ్గించాల్సింది నీళ్లను కాదు, మార్చాల్సింది వాటి మూలాన్ని. నాగార్జునసాగర్ కుడి కాలువ నీళ్లతో నడిచే కుళాయి ఉంటే దాన్ని తాగడానికి పట్టుకోవాలి. లేనిచోట ఆర్‌ఓ ప్లాంటు టిన్ను. చాలా ఇళ్లు ఇప్పటికే టిన్ను కొంటున్నాయి. పొరపాటు ఎక్కడంటే, తాగడానికి టిన్ను, అన్నం వండటానికి బోరు. ఎసట్లో పోసిన నీళ్లన్నీ బియ్యం పీల్చుకుంటాయి, పప్పులోకీ టీలోకీ అవే పోతాయి. టీ ఆకులోనే కొంత ఫ్లోరైడ్ ఉంటుంది, అది అదనం. మరిగిస్తే పోతుందని కొందరు అనుకుంటారు. పోదు. నీళ్లు ఆవిరై, మిగిలినవి ఇంకాస్త చిక్కబడతాయి.

తిండి కొంత ఆదుకుంటుంది. కాల్షియం పేగుల్లోనే ఫ్లోరైడ్‌ను పట్టుకుని, ఒంట్లోకి ఎక్కువ పోకుండా ఆపుతుంది. రాగి సంగటి, మజ్జిగ, మునగాకు పప్పు ఈ నేల తిండే. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, బియ్యంలో ఉండేది దాని పక్కన లెక్కలోకి రాదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడి పిల్లలకు రోజూ కాస్త చింతపండు ఎక్కువ పెట్టి చూశారు. మూత్రంలో పోయే ఫ్లోరైడ్ పెరిగిందని 2002లో ప్రచురించారు. అయితే పులుసు తాగుతూ అదే బోరు నీళ్లు తాగితే లాభం లేదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి తొందర మరీ ఎక్కువ. పళ్ల పింగాణీ పొర ఏర్పడే వయసు అదే, ఆ వయసులో పడిన మచ్చ ఇక పోదు.

ఇంతకీ ఈ లీటర్ల లెక్క ఎక్కడినుంచి వచ్చింది? 1945లో అమెరికాలో ఆహార, పోషణ మండలి పెద్దవాళ్లకు రోజుకు రెండున్నర లీటర్లు సరిపోతాయని చెప్పింది. అందులో ఎక్కువ భాగం తినే తిండిలోనే ఉంటుందని వెంటనే మరో మాట కూడా అంది. మొదటి మాట ప్రపంచమంతా తిరిగింది. రెండోది అక్కడే ఆగిపోయింది.

కోచ్‌ల దగ్గర ఇలాంటి సగం మాటలు ఇంకా ఉన్నాయి.

రోజుకు పదివేల అడుగులు నడవాలన్న మాట సంగతి చూడండి. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటి ఏడాది, 1965లో జపాన్ కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే చిన్న యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పేరుకు అర్థం పదివేల అడుగుల మీటరు. వ్యాపారం కోసం పెట్టిన అంకె వైద్యం చెప్పిన అంకెలా స్థిరపడింది. 2019లో హార్వర్డ్ పరిశోధకురాలు ఐ మిన్ లీ బృందం పదహారు వేలకు పైగా వృద్ధ మహిళల అడుగులు లెక్కించింది. రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకన్నా 4,400 వేసేవాళ్లలో మరణాలు బాగా తక్కువ. 7,500 దగ్గర ఆ లాభం ఆగిపోయింది. షుగరు వచ్చిన అరవై ఏళ్ల మనిషికి ఇది ఊరట. గుడి దాకా వెళ్లి రావడం కూడా లెక్కే.

పొలం పని చేసేవాళ్ల సంగతి వేరు. కలుపు తీస్తూ ఆరు గంటలు వంగి ఉన్న మనిషికి సాయంత్రం వాకింగ్‌కు వెళ్లమని చెప్పడం, వినేవాళ్లకు వేళాకోళంలా తోస్తుంది. డెన్మార్క్ పరిశోధకులు దీన్నే వేరే దారిలో పట్టుకున్నారు. తీరికలో చేసే వ్యాయామం గుండెకు మేలు చేస్తుంది. బతుకుతెరువు కోసం గంటల తరబడి, విశ్రాంతి లేకుండా చేసే బరువు పని అదే మేలు చేయదు, పైగా కొన్నిసార్లు చెరుపు చేస్తుందని వాళ్ల అధ్యయనాల్లో కనిపించింది. మిరప కోతలకు వెళ్లే ఆవిడకు కావలసింది మధ్యలో నీడ, నడుం నిటారుగా పెట్టుకునే పది నిమిషాలు, ఉప్పు వేసిన మజ్జిగ. పచ్చి పొగాకు రెలిచే కూలీలకైతే చేతులకు తొడుగులు ముఖ్యం. తడిసిన ఆకు నుంచి నికోటిన్ చర్మంలోకి దిగి వాంతులు, తల తిరగడం తెస్తుంది. చాలామంది దాన్ని ఎండ దెబ్బ అనుకుంటారు. పల్లెలో ఆడమనిషి పనేమీ లేకుండా రోడ్డు మీద నడిస్తే కనీసం ముగ్గురు 'ఎక్కడికమ్మా?' అని అడుగుతారన్న సంగతి కూడా ఏ వాకింగ్ యాప్‌కూ తెలియదు.

తెల్లవారుజామున ఐదింటికి లేస్తే జీవితం మారిపోతుందని రాబిన్ శర్మ 2018లో ఏకంగా పుస్తకమే రాశారు. గేదెలున్న ఇంట్లో నాలుగింటికే లేస్తారు. ఆ ఇంటికి కావలసిన సలహా రాత్రి గురించి. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. నాలుగింటికి లేవాలంటే తొమ్మిదింటికి టీవీ, ఫోను ఆగాలి. కోచ్‌లు లేచే వేళ చెప్పినంత గట్టిగా పడుకునే వేళ చెప్పరెందుకో.

ఇరవై ఒక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందన్నది మరొకటి. దాని మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. తన రోగులు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన గమనించారు. ఆ 'కనీసం' తర్వాత ఎక్కడో జారిపోయింది. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2009లో ప్రచురించిన ఫలితం ప్రకారం అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు. కొందరికి 18 రోజులే, కొందరికి 254 అవసరమవుతాయని లెక్క. మధ్యలో ఒక రోజు తప్పినా నష్టం లేదని కూడా అందులో తేలింది. బీపీ మాత్ర మొదలుపెట్టి ఇరవై రెండో రోజు మరిచిపోయిన మనిషి ఇక తన వల్ల కాదని వదిలేయనక్కర్లేదు. పాల కేంద్రంలో పాలు పోసి వచ్చాక మాత్ర అని, ఇప్పటికే ఉన్న పనికి కొత్త పనిని ముడివేస్తే త్వరగా నిలబడుతుంది.

భయం గురించి ముండ్లమూరుకు చెప్పాల్సిన పని లేదు. 2024 డిసెంబరు 21, శనివారం పొద్దున ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి కదిలింది. బడుల్లోంచి పిల్లలు, ఆఫీసుల్లోంచి ఉద్యోగులు బయటికి పరుగెత్తారు. ఆదివారం మళ్లీ, సోమవారం మళ్లీ. నష్టం జరగలేదు. అవి చిన్న ప్రకంపనలే. వరసగా మూడు రోజులు కదిలిన నేల మీద రాత్రి పడుకోవడం మాత్రం చిన్న విషయం కాదు.

అలాంటప్పుడు 'ధైర్యంగా ఉండండి' అన్న మాట చెవికి ఎక్కదు. తెలిసిన సమాచారం ఎక్కుతుంది. ఒంగోలు ప్రాంతానికి భూకంపం కొత్త కాదు. 1967 మార్చి 27న 5.4 తీవ్రతతో వచ్చింది. భూకంపాల పటంలో ఇది మధ్యస్థ ముప్పు ఉన్న ప్రాంతం. ఈ సంగతి తెలిసిన మనిషి పుకారు విని వీధిలోకి పరుగెత్తే బదులు ఇంట్లో చేయాల్సిన పని చూస్తాడు. మంచం మీదుగా ఉన్న అటక మీంచి బరువైన సామాను దించడం, ఊగినప్పుడు బల్ల కిందికి చేరి దాని కాలు పట్టుకోవాలని పిల్లలకు ఒకసారి చేసి చూపించడం. చేతికి పని దొరికితే భయం కొంత దారిలోకి వస్తుంది. ఇలాంటి సమయాల్లో తోటివాళ్లకు ఎలా అండగా ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఒక మార్గదర్శిని తెచ్చింది. చూడు, విను, సాయం దొరికే చోటికి చేర్చు, ఇంతే దాని సారం. జరిగింది చెప్పమని పదే పదే గుచ్చి అడగొద్దని అది ప్రత్యేకంగా హెచ్చరిస్తుంది. మైకు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవాళ్లు దాన్ని చదివితే బాగుండు.

తెలుగులో వ్యక్తిత్వ వికాసం పెద్ద పుస్తక పరిశ్రమ. నవలా రచయితగా పేరు తెచ్చుకున్న యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు'తో, ఇంద్రజాల ప్రదర్శనలతో ఊరూరా తెలిసిన బి.వి. పట్టాభిరామ్ తన పుస్తకాలు, ఉపన్యాసాలతో ఒక తరం విద్యార్థులను ఈ దారి పట్టించారు. పరీక్ష భయం, సభా పిరికితనం లాంటివాటికి ఆ పుస్తకాలు నిజంగా పనికొచ్చాయి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, అప్పునూ అనారోగ్యాన్నీ కూడా ఆలోచనా విధానంలోని లోపంగా చూపించినప్పుడు. అంతా బాగుంటుందని ఊహించుకుంటే బాగుపడుతుందన్న మాటను హెతర్ కాపెస్, గాబ్రియేల్ ఓటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు పరీక్షించి చూశారు. తీయటి ఊహ మనిషిలో ఉన్న శక్తిని సడలిస్తుందని 2011లో రాశారు. పని జరిగిపోయినట్టే మనసు సేద తీరుతుంది. కోరికతోపాటు దానికి అడ్డుపడేదేమిటో, అది ఎదురైతే ఏం చేయాలో కూడా ముందే అనుకోమని ఓటింగెన్ సలహా.

2015లో వేలం కేంద్రాల్లో పొగాకు ధర పడిపోయినప్పుడు ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లకు కరువైంది ఉత్సాహం కాదు. కౌలు కట్టి, ఆకు ఎండబెట్టే బ్యారన్ అద్దెకు తీసుకుని, కట్టెలకు అప్పు చేసి ఆ పంట వేసేవాళ్లు ఇక్కడ ఉన్నారు. అలాంటి కౌలు రైతు మనశ్శాంతికి, 2019 చట్టం ప్రకారం వచ్చే పంట సాగుదారు హక్కు పత్రం ఏ ఉపన్యాసం కన్నా ఎక్కువ పనిచేస్తుంది. అది చేతిలో ఉంటే బ్యాంకు పంట రుణం అడగొచ్చు. పొలం యజమాని సంతకం పెట్టాలి, చాలామంది జంకుతారు. ఆ సంతకం పెట్టించడానికి ఊరి పెద్ద ఒకరు తోడు వెళ్తే అదీ ఆరోగ్య సేవే.

అప్పు గురించి ఇంట్లో చెప్పలేక, నిద్ర పట్టక, తిండి సయించక రెండు వారాలు గడిచాయంటే అది బలహీనత అనుకుని దాచుకోకూడదు. దిగులు జబ్బుకు మందులున్నాయి, మాటలతో చేసే వైద్యం ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడొచ్చు. అవసరమైతే వాళ్లే మానసిక వైద్యుడితో కలుపుతారు. సొంతంగా ఫోను చేసే స్థితిలో లేని మనిషి కోసం ఇంట్లోవాళ్లు కూడా చేయవచ్చు.