పరామర్శకు వచ్చినవారా, వార్తకు వచ్చినవారా?

పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని పేపరు తిరగేస్తాం. ఎవరింట్లోనో జరిగిన ఘోరం ఫోటోతో సహా అచ్చయి ఉంటుంది. “అయ్యో పాపం!” అనుకుంటాం. ఆ ఫోటో వాళ్ల చేతికెలా వచ్చిందని మాత్రం అడగం. ఈవేళ ఆ ముచ్చటే చెప్పుకుందాం.

ఇంగ్లండులో ‘న్యూస్ ఆఫ్ ది వరల్డ్’ అని 168 ఏళ్లు నడిచిన వారపత్రిక ఉండేది. 2002లో పదమూడేళ్ల పిల్ల కనిపించకుండా పోయింది. ఆమె సెల్‌ఫోనుకు వచ్చిన సందేశాలను ఆ పత్రికవాళ్లు దొంగచాటుగా విన్నారు. పాపం, ఆ పిల్ల హత్యకు గురైంది. 2011లో ఈ సంగతి బయటపడగానే జనం ఛీకొట్టారు. ఆ జూలైలోనే పత్రిక మూతపడింది. 2014లో మాజీ సంపాదకుడొకరికి జైలుశిక్ష కూడా పడింది.

ఎక్కడో ఇంగ్లండు గొడవ మనకెందుకంటారా? 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలిపై అత్యాచారం చేసి చంపేశారు. చూస్తుండగానే ఆమె పేరూ, ఫోటో దేశమంతా తిరిగాయి. ‘దిశ’ అని పిలవండని పోలీసులు కోరేసరికే ఆలస్యమైపోయింది. ఇలాంటి వివరాలు బయటపెట్టడం 1983 నుంచీ నేరమే. ఇప్పటి భారతీయ న్యాయసంహిత 72వ సెక్షను ప్రకారం రెండేళ్లదాకా జైలు, జరిమానా. చనిపోయిన స్త్రీకీ ఈ రక్షణ ఉంటుందని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

పేరు ఒక్కటి దాచితే చాలదు. ఆమె ఎవరో తెలిసే ఏ ఆనవాలూ రాయకూడదు. నారాయణఖేడ్ దగ్గర మా మనూరునే తీసుకోండి. ఊరు పేరు, తండ్రి చేసే పని, పిల్ల చదివే బడి రాస్తే ఇక మిగిలిందేముంది? పట్నంలో ఎవరికీ తెలియకపోవచ్చు గానీ, ఊళ్లో ఆ ఇల్లు చిన్నపిల్లాడైనా చూపిస్తాడు.

లంచగొండి గుట్టు రట్టు చేయడానికి విలేఖరి సాహసం చేస్తే అది లోకానికి మేలు. ఏడ్చే తల్లి ముందు కెమెరా పెడితే ఎవరికి మేలు?

ఇక మన సంగతి. చాలాసార్లు ఆ ఫోటో ఇచ్చేది పక్కింటివాళ్లే. పెళ్లి ఆల్బమ్‌లోంచి తీసి, “ఇదిగో, ఈ పిల్లే” అని చూపిస్తాం. అలా ఇవ్వకండి. వచ్చినవారు పరామర్శకు వచ్చారో వార్తకు వచ్చారో, ఏ పత్రికో ముందు అడగండి. చెప్పడం ఇష్టం లేకపోతే తలుపు వేసుకునే హక్కు మీకుంది.

పత్రిక హద్దు మీరితే ముందుగా సంపాదకుడికి ఉత్తరం రాయండి. జవాబు సరిగా లేకుంటే ఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక, వారపత్రికల మీదైతే అచ్చయిన రెండు నెలల్లోగా పంపాలి. కౌన్సిల్ జైల్లో పెట్టలేదు, మందలించగలదు. టీవీ దాని పరిధిలోకి రాదు. నేరమే జరిగిందనుకుంటే పోలీసు స్టేషనుకే వెళ్లాలి.

అన్నిటికన్నా తేలికైన పని ఇంకొకటుంది. అలాంటి ఫోటో మీ ఫోనుకు వస్తే ఇంకొకరికి పంపకండి. మనింటి ఆడపిల్లదైతే పంపుతామా, చెప్పండి?